రఘునాథపల్లికి పరిసర విద్యుద్రైలు వలయును

కాజీపేట సికిందరాబాదు రైలు మార్గమున, ఘనపురమునకును జనగామకును నడుమ రఘునాథపల్లి స్టేషను కలదు. 1886లో ఓరుగల్లు చేరిన ఈ మార్గముపై నేడు విద్యుత్తీగెలు సాగియున్నవి. వాని క్రింద వందేభారత్ వంటి దూరపు బండ్లు ఇచట నిలువక పరుగిడుచున్నవి. ఉదయమున పట్టణమునకు పోయి సాయంకాలమునకు ఇల్లు చేరవలసిన విద్యార్థికిని, కూలికిని, కూరగాయల గంప మోయు రైతుస్త్రీకిని ఆ వేగమువలన ఫలమేమి?

జపాను దేశస్థులు ఈ ప్రశ్నకు ఏనాడో సమాధానము కనుగొనిరి. టోకియోలో 1904లోనే రైలు మార్గముపై విద్యుద్బండ్లు నడచినవి. ఒసాకాలోని ఉమెదా నుండి తకరజుకకు 1910లో మార్గమును తెఱచిన కొబయాషి ఇచిజో, ప్రయాణికులు పెరుగువఱకు వేచియుండలేదు. పట్టాల చెంతనే ఇండ్లు కట్టించి, నెలవారీ వాయిదాలపై విక్రయించెను. అచట ముందు రైలు వచ్చినది; వెనుక ఊరు వచ్చినది.

ఇట్టి బండ్లకు ప్రత్యేకముగా ఇంజను ఉండదు. పెట్టెల క్రిందనే మోటారు లుండుటచే అవి త్వరగా వేగమందుకొనును. కడపటి స్టేషనులో ఇంజను మార్పకయే వెనుకకు మరలును. దగ్గఱ దగ్గఱ స్టేషన్లుగల మార్గమునకు ఇవియే తగినవి.

బొంబాయికి 1925లోను, చెన్నపురికి 1931లోను ఈ సౌకర్యము లభించినది. హైదరాబాదున ఎం.ఎం.టి.ఎస్. బండి 2003 ఆగస్టు 9న మొదలైనది. దానిని ఘటకేసరు నుండి యాదాద్రి చెంతనున్న రాయగిరికి పొడిగింప 2016లో సంకల్పించిరి. కాని ఆ సంకల్పము ఏండ్ల తరబడి కాగితములపైననే నిలిచినది.

సుమారు నూఱు కిలోమీటర్ల దూరము పరిసర మెట్లగునని కొందఱడుగుదురు. బొంబాయి లోకలు బండ్లు అంతే దూరమున నున్న కర్జతునకు నిత్యము పోవుచున్నవి! వేగపు బండ్లకును, ఊరూర నాగు బండ్లకును ఒకే పట్టాలు చాలవనుట మాత్రము న్యాయమైన ఆక్షేపణ. కావున అదనపు పట్టాలు మన తొలి కోరిక కావలయును. బండి పిదప అడుగవచ్చును.

అడుగనివారికి అమ్మయైనను పెట్టదు. ఏ యూరినుండి ఎందఱు ఏ వేళ పట్టణమునకు పోవుచున్నారో పఠనమందిరములలో కూడి లెక్క వ్రాయుడు. రాయగిరి మొదలు జనగామ, రఘునాథపల్లి, కాజీపేటల వఱకుగల జనులందఱు ఒక్క విన్నపముపై చేవ్రాలు చేయుడు. వేర్వేరుగా మొఱపెట్టిన ఊళ్ల మాట చెవిని పడదు. మార్గమంతయు ఒక్క గొంతుతో పలికినచో ఎవ్వరును పెడచెవిని పెట్టజాలరు.