చాబీ కావాలంటే బిల్లీని వదలాలా?

హైదరాబాద్ కొత్త కాలనీల్లో ఇల్లు అడిగితే ముందు పేరు అడుగుతారు. చెప్పగానే ‘మొన్ననే వేరేవాళ్లకు ఇచ్చేశాం’ అంటారు. ఆ దర్ద్ మనకు అలవాటే. అందుకే టోలిచౌకి, మెహదీపట్నం వైపు మన మొహల్లాల్లోనే కిరాయి ఇల్లు వెతికాను. అక్కడ పేరు అడ్డం రాలేదు, మా బిల్లీ అడ్డం వచ్చింది. ‘దాన్ని ఎక్కడైనా వదిలేసి రండి భాయ్, చాబీ ఇస్తా’ అన్నారు ఒక మాలిక్ సాబ్. పక్కనే ఉన్న మా బేటీ మొహం చూడలేకపోయాను. ఆ ఇల్లే వదులుకున్నాం.

పిల్లి నాపాక్ కాదని హదీస్ ఉంది. పిల్లిని బంధించి ఆకలితో చంపిన ఔరత్‌కు అజాబ్ పడిందని బుఖారీ, ముస్లిం రెండిట్లోనూ ఉంది. హజ్రత్ అబూ హురైరా (రజి) కునియతే పిల్లికూన మీద వచ్చింది. ఇవన్నీ జుమా బయాన్‌లో వింటాం. టు-లెట్ బోర్డు కట్టేటప్పుడు మరచిపోతాం.

మాలిక్‌ల భయం ఝూట్ కాదు. వాసన, గీరిన తలుపులు, పక్కింటివాళ్ల షికాయత్ అన్నీ ఉంటాయి. అయితే షర్తులు పెట్టండి. రేబీస్ టీకా కాగితం చూపాలి, కిటికీలకు జాలీ కొట్టించాలి, పాడైనవాటికి అడ్వాన్స్‌లో కోత. అగ్రిమెంట్‌లోనే రాసుకోండి. కిరాయిదార్లు కూడా పిల్లిని దాచిపెట్టి ఇంట్లో దిగొద్దు. అది ధోకా.

కానీ ‘వదిలేసి రా’ అనే మాట మాత్రం వద్దు. ఇంట్లో పెరిగిన పిల్లికి గల్లీలో బతకడం రాదు. పేరు చూసి దర్వాజా మూసేవాళ్లను ఇన్సాఫ్ అడిగే మనం, ఒక బేజుబాన్ జాన్ కోసం మన దర్వాజా కాస్త తెరవలేమా?