నాలుగు గళ్ళ కథ

చేర్యాల నకాషీ పటాన్ని గాజుపెట్టెలో చూసినవాళ్ళు రంగుల్ని మెచ్చుకుంటారు. దాని అసలు పనితనం తెలియాలంటే కథ చెప్తుండగా చూడాలి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి పట్టించి, ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా బొమ్మలు గీస్తారు. వరసకూ వరసకూ మధ్య పూల అంచు. కూనపులివాళ్ళు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పినా, గౌడజెట్టివాళ్ళు గౌండ్లకు గౌడ పురాణం చెప్పినా, కథ ఎందాకా వస్తే పటం అందాకే విప్పుతారు. తర్వాతి బొమ్మ ఇంకా చుట్టలోనే ఉంటుంది. పాఠకుడి చేత పేజీ తిప్పించడానికి కామిక్స్ గీసేవాళ్ళు పడే పాట్లన్నీ ఇందులో ఉన్నాయి.

2016 దాకా చేర్యాల వరంగల్ జిల్లాలోదే. ఇంతటి బొమ్మల కథ పుట్టిన చోట హైస్కూలు పిల్లలకు మాత్రం డ్రాయింగంటే నీటి పొదుపు మీద పోస్టరు. దానికో నినాదం, ఓ బహుమతి.

పిల్లల చేత కామిక్స్ గీయించాలంటే శరద్ శర్మ నడిపే వరల్డ్ కామిక్స్ ఇండియా పద్ధతి పోస్టరు కంటే చవక. రెండు ఏ4 కాగితాలు, నాలుగు గళ్ళు, నల్లసిరా. జిరాక్సు తీసి గోడకు అంటించడమే. బొమ్మ బాగా రావాలన్న పట్టింపు లేదు. కష్టమల్లా ఏ క్షణాన్ని గీయాలన్నదే. ఇంట్లో గొడవ గీయమంటే తొమ్మిదో తరగతి పిల్లలు మొదటి గడిలో ఇల్లు, రెండో గడిలో తలుపు, మూడో గడిలో నాన్న రావడం గీస్తారు. గొడవ మొదలయ్యేసరికి కాగితం అయిపోతుంది. విసిరేసిన కంచంతో మొదలుపెట్టమని చెప్పడమే పాఠం.

బెలూన్లో "ఏడికి వోయినవ్‌రా" అని రాస్తే ఎర్రసిరాతో దిద్దకండి. హన్మకొండ కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవమని జరుపుతూ, ఆ రోజే గ్రాంథికంలో ఉపన్యాస పోటీలు పెట్టే బళ్ళున్నాయి. పిల్లలు సార్ల బొమ్మలూ గీస్తారు, పొట్టలతో సహా. గీయనివ్వండి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. తాగొచ్చే తండ్రి, పదో తరగతిలోనే కుదిరిన పెళ్ళి కూడా ఆ గళ్ళలోకి వస్తాయి. అలాంటి కాగితాన్ని గోడకు ఎక్కించాలా, సంచీలో దాచుకోవాలా అన్నది గీసిన పిల్ల ఇష్టం. హెడ్మాస్టరు ఆ కాగితాన్ని తనిఖీకొచ్చిన అధికారికి చూపించుకోకూడదు.

ఈ సెప్టెంబర్ సంచికలో రెండు పేజీలు వరంగల్ బడిపిల్లల కోసం ఖాళీగా ఉంచుతున్నాం. జిరాక్సు ప్రతి చాలు, అసలుది వాళ్ళ దగ్గరే ఉండనీయండి.