ఎంటర్ నొక్కేదాకా ఆగనీ

మన హాస్టల్లో చదివి బయటికి పోయినవాళ్లలో చాలామందికి మొదట దొరికేది డేటా ఎంట్రీ పనే. పీజీ చదువుతూ సెలవుల్లో మేమూ ఆ పనికే పోతుంటాం. మా ఇండ్లల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. "ఏం పని నాయనా?" అని ఊర్లో అడిగితే "కంప్యూటర్లో లెక్కలు కొట్టేది" అంటాం. మిత్రులారా, ఆ కొట్టే పని గురించే ఈ నాలుగు మాటలు.

ఎక్సెల్‌లో గడిలో అంకె కొడుతున్నంతసేపు మాక్రో నడవదు. కింద ఎడమ మూలన 'రెడీ' పోయి 'ఎంటర్' అనో 'ఎడిట్' అనో కనబడుతుంది. పది నిమిషాలకొకసారి నడవమని 'ఆన్‌టైమ్'తో పెట్టిన మాక్రో కూడా మనం ఎంటర్ నొక్కేదాకా వాకిట్లో నిలబడాల్సిందే. దానికి ఆఖరు గడువు పెట్టి ఉంటే, అది దాటాక ఆ సారికి నడవనే నడవదు. దీన్ని లోపమంటారు కొందరు. ఆపరేటర్ గడి తెరిచిపెట్టి టీకి పోతే రిపోర్టు ఆగిపోతుందట! కొడుతుండగానే నడిచే ఉపాయం లేదా అని మమ్మల్ని అడిగినవాళ్లూ ఉన్నారు.

ఇది లోపం కాదని మా అభిప్రాయం. 480 కొట్టబోయే మనిషి 48 దగ్గర ఉంటాడు. 48 కూడా అంకే కదా, మొత్తంలో కలుపుకుపోయే మాక్రోకు ఏ అనుమానమూ రాదు. ఆ తేడా తెలిసేది 480 రావాల్సిన ఇంట్లోనే.

ఈ మాట మన జిల్లావాళ్లకు వేరే చెప్పాలా? ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. మన అమ్మానాన్నలు 'కరువు పని' అన్నది దాన్నే. గడ్డపార పట్టిన రోజులు మస్టరు కాగితం మీదికి, అక్కడి నుంచి కంప్యూటర్లోకి ఎక్కాకే కూలి. పక్షం రోజుల్లోపు కూలి ఇవ్వాలని 2005 నాటి చట్టంలో రాశారు. ఆ చెల్లింపులకు వేరే సాఫ్ట్‌వేర్ ఉండేది, అది వేరే సంగతి. ఏ సాఫ్ట్‌వేరైనా సగం కొట్టిన అంకెను అంకె అనుకుంటే పోయేది ఒకరి చెమట.

అయితే ఎక్సెల్ కాపాడేది ఒక్క గడినే. పేరు కొట్టి ఎంటర్ నొక్కాం, రోజులు కొట్టి ఎంటర్ నొక్కాం, కూలి ఇంకా కొట్టలేదు. ఆ సందులో ఎక్సెల్ 'రెడీ' అంటుంది, కాచుకున్న మాక్రో లోపలికి దూరుతుంది. వరుస సగమే ఉందని దానికి తెలియదు. 'ఛేంజ్' ఈవెంట్‌తో నడిచే మాక్రోకూ ఇదే గతి, ఎందుకంటే అది ప్రతి ఎంటర్‌కూ లేస్తుంది. పైగా షీటును మార్చే మాక్రో ఒకసారి నడిచిందంటే అన్‌డూ పోయినట్టే. పొరపాటు దిద్దుకోవాలని కంట్రోల్ జెడ్ కొడితే ఏమీ కాదు. తిట్లు మాత్రం ఆపరేటర్‌కే!

పాత కాగితం ఈ విషయంలో తెలివైనది. మస్టరు కింద సంతకం పడేదాకా అది పూర్తయినట్టు కాదు. మాక్రో రాసేవాళ్లు ఆ సంతకాన్ని మరిచి గడియారాన్ని నమ్ముకున్నారని మా ఫిర్యాదు. ప్రతి వరుస చివర 'అయింది' అనే గడి ఒకటి పెట్టి, అది నిండిన వరుసలనే మాక్రో ముట్టుకునేలా రాస్తే చాలు. ఒక్క 'ఇఫ్' పని. ఎంట్రీ షీటు వేరు, రిపోర్టు షీటు వేరు చేస్తే ఇంకా మేలు.

మా మెస్ స్టాకు షీటును ఇట్లే మార్చాం. బియ్యం, కందిపప్పు, నూనె కొట్టి, సరుకుతో సరిచూసి 'అయింది' అని పెట్టిన వరుసలే మొత్తంలోకి వస్తాయి. మిగిలినవి పసుపు రంగులో అట్లే ఉంటాయి. నెలాఖరున వార్డెన్ సారు ముందు ఆ పసుపు వరుసలనే చూస్తారు.