మసక తెర... తప్పు కళ్లది కాదు!

రిటైరైన ఓ తాతగారు పొలం అడంగల్ కాగితాన్ని కంప్యూటర్లో చూసుకుంటున్నారు. సర్వే నంబరు 138. ఆయన కంటికది 133లా కనపడింది. అదే నంబరు వేసి అర్జీ పంపబోతుంటే పక్కనే ఉన్న కోడలు ఆపింది. 'మావయ్యగారూ, అది మూడు కాదండీ... ఎనిమిది' అని. కొత్త కళ్లజోడు పెట్టుకుని నాలుగు నెలలే అయింది. అనుమానమొచ్చి మళ్లీ కంటి డాక్టరు దగ్గరికెళితే అద్దాలు సరిగ్గానే ఉన్నాయన్నారు. 'అయితే మానిటర్ పోయినట్టుంది, కొత్తది కొందాం' అన్నాడు కొడుకు. అది కొని ఏడాది కూడా కాలేదు!

అసలు సంగతేంటంటే... సెలవులకొచ్చిన మనవడు 'తాతయ్యా, నీకు అక్షరాలు పెద్దవి చేసిపెడతా ఉండు' అంటూ తెర రిజల్యూషన్ తగ్గించి వెళ్లాడు. అక్షరాలు పెద్దవయ్యాయి. వాటితోపాటే మసకబారాయి. పాపం, పిల్లాడు చేసింది మంచికే. కానీ దారి అది కాదు.

అర చుక్క వెలగదు

ఒకప్పటి డబ్బా మానిటర్లలో ఎలక్ట్రాన్ల కిరణం తెర మీద బొమ్మ గీసేది. 800×600 పెట్టినా, 1024×768 పెట్టినా అది చాలావరకు సర్దుకుపోయేది. ఇప్పటి ఎల్‌సీడీ తెరలు అలా కాదు. వాటిలోని చుక్కలు ఫ్యాక్టరీలోనే లెక్కగా అమర్చి ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ మానిటర్ అయితే అడ్డంగా 1920, నిలువుగా 1080... మొత్తం 20,73,600 చుక్కలు. వాటినే పిక్సెల్స్ అంటారు. మనవడు పెట్టింది 1280×720. అంటే కంప్యూటర్ పంపేది 9,21,600 చుక్కల బొమ్మే. దాన్ని మానిటర్ తన చుక్కలన్నిటికీ సాగదీయాలి. ఒక చుక్క వెడల్పున్న గీతని చుక్కన్నర మీద పరచాలి. అర చుక్క వెలిగించడం ఏ మానిటర్‌కీ చేతకాదు కదా! అందుకే పక్క చుక్కకి బూడిదరంగు పూసి సరిపెడుతుంది. మనకి కనిపించే మసక అదే.

తెలుగుకి ఈ బాధ మరీ ఎక్కువ. ద-ధ, ప-ఫల మధ్య తేడా అంతా కింద ఉండే చిన్న గీతలోనే ఉంది. ఆ గీత కాస్తా బూడిదలో కలిస్తే ఇక ఊహించుకుని చదువుకోవడమే. అంకెలకైతే ఊహ కూడా పనికిరాదు. అడంగల్‌లో జరిగింది చూశాంగా.

విండోస్ 10, 11 ఉన్నవాళ్లు డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట రైట్‌క్లిక్ చేసి 'డిస్‌ప్లే సెట్టింగ్స్'లోకి వెళ్లండి. 'డిస్‌ప్లే రిజల్యూషన్' జాబితాలో ఒకదాని పక్కన 'రికమెండెడ్' అని ఉంటుంది. సాధారణంగా మీ మానిటర్ అసలు రిజల్యూషన్ అదే. చిన్న మానిటర్లకి అది 1366×768 కావచ్చు, పెద్దవాటికి 1920×1080 కావచ్చు. పక్కింటివాళ్లది చూసి పెట్టుకునేది కాదు. మార్చగానే తెర నల్లబడిపోతే కంగారుపడి స్విచ్ తీసేయకండి. ఏమీ నొక్కకుండా పదిహేను సెకన్లు ఆగితే పాత సెట్టింగే తిరిగొస్తుంది.

మరి అక్షరాలు చిన్నవైపోతాయే అంటారా? అదే చోట 'స్కేల్' అని ఇంకో సదుపాయం ఉంది. అక్కడ 125 లేదా 150 శాతం ఎంచుకోండి. ఫుల్ హెచ్‌డీ తెర మీద 150 శాతం పెడితే అక్షరం సైజు సరిగ్గా 1280×720లో ఉన్నంతే ఉంటుంది. కాకపోతే అదే అక్షరాన్ని ఈసారి రెండు రెట్లకు పైగా చుక్కలతో గీస్తారు. అందుకే నున్నగా వస్తుంది. మార్చాక ఓసారి లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అయితే అన్ని ప్రోగ్రాములూ కొత్త సైజుకి వస్తాయి. ఒక్క వెబ్‌సైట్ వరకే పెద్దగా కావాలంటే ఇంత తతంగం అక్కర్లేదు. కంట్రోల్ మీట నొక్కి ప్లస్ కొడితే చాలు.

జాబితాలోనే లేకపోతే?

కంప్యూటర్‌ని ఫార్మాట్ కొట్టించాక చాలామందికి ఈ చిక్కు వస్తుంది. జాబితాలో 1024×768 మించి కనపడదు, మనుషులేమో లావుగా సాగిపోయి కనిపిస్తారు. ఇది గ్రాఫిక్స్ డ్రైవర్ లేని లక్షణం. స్టార్ట్ బటన్ మీద రైట్‌క్లిక్ చేసి 'డివైస్ మేనేజర్'లో 'డిస్‌ప్లే అడాప్టర్స్' తెరవండి. 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే అనుమానం నిజమే. విండోస్ అప్‌డేట్ నడపండి. అప్పటికీ రాకపోతే కంప్యూటర్ లేదా గ్రాఫిక్స్ చిప్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచే డ్రైవర్ దించుకోండి. 'డ్రైవర్లన్నీ ఉచితం' అని ఊరించే సైట్ల జోలికి పోవద్దు.

సెట్టింగులన్నీ సరిగ్గా ఉన్నా అక్షరాల పక్కన నీడలా కనపడుతోందా? వెనకున్న వైరు చూడండి. రెండు మరలు, పదిహేను సూదులు ఉన్న వీజీఏ వైరైతే అది 1987 నాటి పద్ధతి. కాస్త వదులైనా, వైరు నాసిరకమైనా బొమ్మ చెదురుతుంది. మరలు బిగించి, మానిటర్ మీదున్న 'ఆటో' బటన్ నొక్కండి. రెండు వైపులా హెచ్‌డీఎంఐ సాకెట్ ఉంటే ఆ వైరుకి మారడమే మేలు.

టీవీని మానిటర్‌గా వాడేవారి గొడవ వేరు. 32 అంగుళాల టీవీలు చాలావాటిలో చుక్కలు 1366×768 మాత్రమే. ఫుల్ హెచ్‌డీ బొమ్మ పంపితే తీసుకుంటాయి గానీ కుదించి చూపిస్తాయి. అంచులు తెగి టాస్క్‌బార్ సగమే కనపడితే టీవీ మెనూలో బొమ్మ సైజుని 'జస్ట్ స్కాన్' లేదా 'స్క్రీన్ ఫిట్'కి మార్చండి. షార్ప్‌నెస్ పెంచితే స్పష్టత వస్తుందనుకోవడం పొరపాటు. అక్షరం చుట్టూ తెల్లటి అంచొస్తుంది. తగ్గించి చూడండి.

ఒకే ఒక్క పాత ప్రోగ్రాం మసకగా ఉంటే తప్పు దానిదే. దాని ఐకాన్ ప్రాపర్టీస్‌లో 'కంపాటిబిలిటీ'కి వెళ్లి, 'చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్'లో అడుగునున్న గడిలో టిక్ పెట్టి, 'అప్లికేషన్' ఎంచుకోండి. అక్షరాలు స్పష్టమవుతాయి, కాకపోతే కాస్త చిన్నవి కావచ్చు. అన్నిచోట్లా అక్షరాలు సన్నగా, రంగురంగుల అంచులతో ఉంటే స్టార్ట్‌లో 'క్లియర్‌టైప్' అని వెతకండి. అది చూపించే నమూనాల్లో మీ కంటికి హాయిగా ఉన్నది ఎంచుకుంటూ పోవడమే. ముందు రిజల్యూషన్ సరిచేసుకున్నాకే ఈ పని పెట్టుకోండి, లేదంటే శ్రమ దండగ.

తాతగారి మానిటర్ ఇప్పుడు 1920×1080లో, 150 శాతం స్కేల్‌తో నడుస్తోంది. అర్జీ 138 నంబరుతోనే వెళ్లింది. మనవడు దసరాకి మళ్లీ వస్తున్నాడు. కొన్ని పాత ఆటలు రిజల్యూషన్‌ని తమకి కావలసినట్టు మార్చేసి, మధ్యలో ఆగిపోతే అలాగే వదిలేస్తాయి. ఆడటం అయ్యాక ఓసారి 'రికమెండెడ్' ఉందో లేదో చూడమని వాడికి చెప్పే పని తాతగారిదే.