రెడీమేడ్ లైఫై ప్రాజెక్టు కొనొద్దు, మూత తీసి చూద్దాం



పోస్టు పొడుగైంది, ఓపిక చేసుకోండి. తిట్టాలనిపిస్తే తిట్టండి గానీ చదివి తిట్టండి.

మేము హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల తాండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి వచ్చి డిప్లొమా, బీటెక్ చదువుతున్న పిల్లలం. ఫైనల్ ఇయర్ వచ్చేసరికి మన బ్యాచ్‌లలో ఒకటే మాట వినిపిస్తుంది: "ప్రాజెక్టు ఎంతకిస్తారంట?" ఏం చేద్దాం అని అడిగేవాళ్ళు కనపడరు. మా సీనియర్లు ఒక అంగడిలో 9,000 రూపాయలు కట్టి లైఫై ప్రాజెక్టు తెచ్చినారు. అంటే వైరు లేకుండా, వెలుతురుతో డేటా పంపడం. మూత అతికించిన నల్ల పెట్టె. ఫోన్‌లో పాట పెడితే ఎల్‌ఈడీ వెలుగుతుంది, ఎదురుగా ఉన్న చిన్న సోలార్ పలక ఆ వెలుతురు పట్టుకుంటుంది, స్పీకర్‌లో పాట వస్తుంది. చెయ్యి అడ్డం పెడితే ఆగిపోతుంది. చప్పట్లు కొట్టినారు, మార్కులు వేసినారు. ఇప్పుడా పెట్టె బీరువా మీద దుమ్ము పట్టి ఉంది.

ఆ దుడ్లు ఎవరివి? ఒకమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసి ఇచ్చింది. ఒక నాయన బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయి పంపినాడు.

తర్వాత వాళ్ళలో ఒకన్న ఇంటర్వ్యూకు పోయినాడు. "సోలార్ పలక ఎందుకు వాడినారు, ఫోటోడయోడ్ ఎందుకు పెట్టలేదు?" అని అడిగినారంట. చిన్న ప్రశ్నే. అన్న దగ్గర జవాబు లేదు. మూత ఎప్పుడన్నా తీసుంటే కదా! కోటా పిల్లలు ఇంతే అని ఆ గదిలో ఎవరూ నోరు తెరిచి అనలేదు. అన్న మాత్రం ఆ మాట వినే బయటికి వచ్చినాడు.

"కొనకుంటే ఎట్లప్పా, మనకు చెప్పేదెవరు, సామాను యాడిది?" అంటారు. మేమూ అట్లే అంటుంటిమి. ఈ ఏడు ఆరుగురం పట్టుబట్టి చేసి చూసినాం. లెక్క వినండి.

హిందూపురంలో పొద్దున్నే రైలెక్కి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయినాం. ఆర్డునో నానో నకలు బోర్డులు రెండు, ఒక వాటు తెల్ల ఎల్‌ఈడీ, దాన్ని ఆర్పి వెలిగించడానికి ట్రాన్సిస్టర్, బీపీడబ్ల్యూ 34 ఫోటోడయోడ్, ఎల్‌ఎం 393 కంపారేటర్, రెసిస్టర్లు, బ్రెడ్‌బోర్డులు రెండు, భూతద్దాలు రెండు. రైలు చార్జీ కాక 1,200 దాటలేదు.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ధర్మవరంలో మగ్గం మీద జకార్డు అట్టలు చూసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. అట్టలో బొక్క ఉంటే ఒక పని, లేకుంటే ఇంకో పని, దాంతోనే అంచులో నెమలి దిగుతుంది. ఇక్కడ బొక్కకు బదులు వెలుతురు. వెలిగితే 1, ఆరితే 0. కంటికి తెలియనంత వేగంగా కొడుతుంది కాబట్టి లైటు ఊరికే వెలుగుతున్నట్టే ఉంటుంది.

మొదట ఎల్‌డీఆర్ పెట్టినాం, చవక కదా అని. అక్షరాలన్నీ కలగాపులగం. వెలుతురు పోయినాక అది తేరుకోవడానికే పదుల మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అంతలోపల వంద బిట్లు దాటిపోతాయి. సోలార్ పలక దానికంటే మేలే, పాటకు సరిపోతుంది. కానీ దాని వైశాల్యం ఎక్కువ, కెపాసిటెన్సూ ఎక్కువే, వేగం పెంచితే అదీ చేతులెత్తేస్తుంది. చిన్న ఫోటోడయోడ్‌కు ఆ బరువు లేదు. ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు ఇదే. మాకు రెండు రాత్రులు, ఒక కాలిపోయిన ట్రాన్సిస్టర్ ఖర్చుతో దొరికింది.

9600 బాడ్ దగ్గర నిలబడింది. స్టార్ట్, స్టాప్ బిట్లు పోను సెకనుకు 960 బైట్లు. 'తాండా' అని తెలుగులో రాస్తే యూనికోడ్‌లో ఐదు సంకేతాలు, ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 15. అంటే సెకనుకు 64 సార్లు 'తాండా' అని పంపగలం. అద్దాలు లేనప్పుడు ఒక మీటరు దాటలేదు. భూతద్దాలు పెట్టినాక, రాత్రిపూట, హాస్టల్ వరండా ఈ కొస నుంచి ఆ కొసకు 28 మీటర్లు పోయింది. పగలు ఎండ పడితే గుడ్డిదైపోతుంది. నల్ల రంగు పూసిన పైపు ముక్క తొడిగితే కొంచెం నయం.

ఇంగ రెండో కోపం. "లైఫై వస్తే తాండాలకు వైఫై కంటే వందరెట్లు నెట్టు" అని మన గ్రూపులోనే ఫార్వర్డులు తిరుగుతున్నాయి. ఆపండి. వెలుతురు నెట్టును పుట్టించదు, ఉన్నదాన్ని మోస్తుంది. ఒక కొసన కేబులో టవరో లేకపోతే ఇంకో కొసకు వచ్చేది వట్టి వెలుతురే. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌కూ గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్‌కూ 2,000 కాంతి లింకుల కోసం ఒప్పందం కుదిరింది. కేబుల్ వేయడం కష్టమైన చోట 20 కిలోమీటర్ల దాకా సెకనుకు 20 గిగాబిట్లు పంపగలవని చెప్పినారు. ఆ పెట్టెలూ ఫైబర్‌కు తగిలించేవే. పైగా అందులోది కంటికి కనపడని కాంతి, గదిలో బల్బుతో చేసే లైఫై కాదు. రెండూ ఒకటేనని రాసేవాళ్ళు దయచేసి చదివి రాయండి. పంచాయతీ దాకా కేబుల్ రావాలని అడగడం మన హక్కు. బల్బు చూపించి ఆ హక్కును మనమే పక్కన పెట్టుకోకూడదు. సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు ఎక్కే చెల్లెలికి మా 28 మీటర్ల లింకు ఏ పనికీ రాదు, ఆ మాట మేమే ఒప్పుకుంటున్నాం.

మన పూర్వీకులు మంటలతో సైగలు చేసుకున్నారు కాబట్టి లైఫై మనదే అని ఒకాయన రాసినాడు. అట్లాంటి గొప్ప మనకొద్దన్నా. అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1880లోనే ఎండను అద్దం మీద ఆడించి 200 మీటర్లకు పైగా మాట పంపినాడు. 2011లో ఎడిన్‌బరోకు చెందిన హరాల్డ్ హాస్ వేదిక మీద టేబుల్ ల్యాంపుతో వీడియో పంపి చూపించినాడు, లైఫై అన్న పేరు ఆయన పెట్టిందే. వాళ్ళ పని వాళ్ళది. మనం చేసింది మన వరండాలో 28 మీటర్లు, అంతే చెప్పుకుందాం.

ఉద్యోగాల్లో ఉన్న సీనియర్లకు ఒక మాట. సన్మానాలకు, ఫ్లెక్సీలకు పెట్టే దుడ్లలో కొంచెం ఇటు మళ్ళించండి. మూడు ఊర్లలో మూడు సామాను పెట్టెలు పెడదాం. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, బోర్డులు అందులో ఉంటాయి. తీసుకున్న బ్యాచ్ వాడుకుని తిరిగి పెట్టాలి, ఏం చేసినారో, ఏది కాలిందో తెలుగులో రాసి పెట్టాలి. చెల్లెళ్ళ హాస్టల్‌కు ఒక పెట్టె ముందు పోవాలి. ప్రాజెక్టు అంగడికి కట్టడానికి ఈ ఏడు చందాలు అడిగేవాళ్ళకు మాత్రం మేము ఒక్క రూపాయి ఇవ్వం, మొహం మీదే చెబుతాం.

మాది ఇంకా పూర్తి కాలేదు. వరండాలో పాత చోకు ట్యూబ్‌లైటు వేస్తే అక్షరాలు చెడిపోతున్నాయి. కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబు సెకనుకు 100 సార్లు మినుకుతుంది, ఫోటోడయోడ్ అదీ చూస్తోంది. కెపాసిటర్ అడ్డం పెడితే ఆ మినుకు పోతోంది గానీ, వరుసగా సున్నాలు వచ్చినప్పుడు తప్పు చదువుతోంది. మాంచెస్టర్ కోడింగ్ పెట్టాలని పెనుకొండ తమ్ముడు అంటున్నాడు, ఇంకా రాయలేదు. ఎవరికన్నా వస్తే ఆదివారం హాస్టల్‌కు రండి, మధ్యాహ్నం అన్నం మాతోనే.