ఐదుగురు పిల్లలు, ఒక్క అక్క

చేతిలో డబ్బు ఆడని రోజుల్లో ఇంట్లో రెండు మాటలు ఒకేసారి వినిపిస్తాయి. ఒకటి: "ఇద్దరం పనికి పోతేగానీ ఇల్లు గడవదు." రెండోది: "పిల్లోణ్ణి చూసుకునేదానికి కూడా డబ్బులియ్యాలా?" ఇంట్లోనే డే కేర్ పెట్టాలనుకునే ఆడవాళ్ల కష్టమంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది. అవసరం పెరుగుతుంది, ఇచ్చే చేయి మాత్రం బిగుసుకుంటుంది.

ఇదేదో సిటీవాళ్ల సంగతి అనుకోకండి. కర్ణాటక సరిహద్దులో ఉన్న మా గుడిబండనే తీసుకోండి. ఊరి చుట్టూ వానను నమ్ముకున్న వేరుశనగ చేలు. కాస్త దూరం పోతే హిందూపురం వైపు గార్మెంట్ ఫ్యాక్టరీలు, పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారవుతున్న కియా. పంట పోయినా, ఓటీ తగ్గినా దెబ్బ నేరుగా వంటింటికే తగుల్తుంది. అప్పుడు ఇంట్లో ఉన్న అమ్మ కూడా పనికి బయల్దేరాలి. అవ్వ ఉన్న ఇంట్లో సరే. ఆ అవ్వ కూడా కూలికి పోయే ఇంట్లో?

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది, దేశంలో 1975 నుంచి నడుస్తున్న మంచి ఏర్పాటు. కానీ అక్కడ రోజూ కూర్చోబెట్టుకునేది ముఖ్యంగా మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్ని. అంతకంటే చిన్నవాళ్లకి పోషకాహారం ఇంటికి ఇస్తారు, రోజంతా చూసుకోరు. పిల్లల్ని ఇంటికి పంపేసిన తర్వాత కూడా అమ్మ షిఫ్టు ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఈ ఖాళీలోనే ఇంటి డే కేర్‌కి చోటుంది.

మా వీధిలో ఒక అక్క ఈ మధ్య నన్ను పట్టుకుంది. "ఏమప్పా, కంప్యూటర్ ముందర కూర్చుని ఊరందరి లెక్కలూ వేస్తావే, నలుగురు పిల్లల్ని చూసుకుంటే నాకేం మిగుల్తుందో చెప్పు చూద్దాం" అంది. ఎక్సెల్ తెరిచాం. మొదటి ప్రశ్నకే ఆగిపోయాం: పిల్లల్ని చూసుకునే పనికి కూలి ఎంత?

దీనికి ఒక జవాబు 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో దొరికింది. పనిచోటుకి తల్లులతో వచ్చిన ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టాలి, ఆమెకీ కూలి ఇవ్వాలి అని ఆ చట్టం రాసుకుంది. అంటే మట్టి తవ్వడం ఎంత పనో, పిల్లల్ని చూడటం కూడా అంతే పని. మా లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాం.

అంకెలు ఉదాహరణకే, మీ ఊరి కూలిని బట్టి మార్చుకోండి. రోజుకి 300 కూలి, ఐదుగురు పిల్లలు. ఒక్కొక్కరికి 60 రూపాయలు. నెలకి 26 రోజులైతే 1,560. ఐదుగురి మీద 7,800. పాలు, గ్యాస్, సబ్బు, ఫినాయిల్‌కి బిడ్డకి రోజుకి 10 చొప్పున 1,300 పోతే మిగిలేది 6,500. ఇప్పుడు తల్లి వైపు చూడండి. ఆమె జీతం 10,000 అనుకుంటే ఒక బిడ్డకి కట్టేది అందులో ఆరో వంతు. ఇద్దరు పిల్లలుంటే దాదాపు మూడో వంతు. అంతకంటే పెంచితే ఆమె ఉద్యోగమే మానేస్తుంది. అంటే ఇష్టమొచ్చినట్టు ఫీజు పెంచే దారి లేదు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఒక్క బిడ్డ మానేస్తే అక్కకి 1,300 తగ్గుతుంది. మిగులులో అయిదో వంతు! ఆ గుంటని పూడ్చడానికి చేతికందే ఉపాయం ఒక్కటే: ఇంకో ఇద్దరిని చేర్చుకోవడం. ఆరు, ఏడు, ఎనిమిది... పొయ్యి మీద పాలున్నాయి, ఒకడు పాకుతూ నీళ్ల తొట్టి వైపు పోతున్నాడు, ఇంకొకడు ఏడుస్తున్నాడు, ఉన్నవి రెండే కళ్లు. ఈ వ్యాపారంలో నష్టాన్ని పిల్లల సంఖ్యతో పూడ్చకూడదు.

మరి ఎలా? మేం రాసుకున్నవి ఇవి.

ఒకేసారి ఇంట్లో ఐదుగురు దాటకూడదు, కానీ గంటల్ని పంచుకోవచ్చు. ముగ్గురు చిన్నవాళ్లు రోజంతా, ఇద్దరు పెద్దవాళ్లు అంగన్‌వాడీ వదిలాక అమ్మ వచ్చేదాకా. పొద్దున ఖాళీగా ఉన్న ఆ రెండు చోట్లూ పూటపని చేసే తల్లుల పిల్లలకి.

ఫీజు వారం వారం తీసుకోవాలి. ఒకేసారి 1,560 ఇవ్వలేని అమ్మ వారానికి 360 ఇవ్వగలదు. బిడ్డ రెండు రోజులు రాకపోయినా చోటు వాడిదే కాబట్టి వారం ఫీజు మారదు. ఈ మాట మొదటి రోజే చెప్పేయాలి.

ముద్ర శిశు రుణం 50,000 దాకా వస్తుంది. వస్తుంది కదా అని ఊయలలు, గోడల మీద బొమ్మలు మొదలుపెట్టొద్దు. నెల కిస్తీ ఒక బిడ్డ మీద మిగిలే 1,300 దాటకూడదు. ముందు కొనాల్సినవి తలుపుకి అడ్డగేటు, తొట్టికి మూత, ఫస్ట్ ఎయిడ్ డబ్బా.

ఇంత చేసినా తల్లుల ఫీజుతోనే అంతా గట్టెక్కుతుందా? అహ్మదాబాద్‌లో 'సేవ' మహిళలు 1986లో సంగిని అనే శిశుసంరక్షణ సహకార సంఘం పెట్టుకున్నారు. కూలి తల్లుల పనివేళలే అక్కడి పిల్లల వేళలు. అక్కడ కూడా తల్లులు కట్టేది ఖర్చులో కొంత భాగమే. మిగతాది బయటి నుంచి రావాలి. ఆ బయటివాళ్లలో యజమానులు ఉండాలి. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకి క్రెష్ సౌకర్యం తప్పనిసరి అని 2017లోనే ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు. షిఫ్టుకి మనుషులు కావాలనుకునే ఫ్యాక్టరీ, ఆ మనుషుల పిల్లలెక్కడ ఉన్నారో కూడా చూడాలి.

అక్క ప్రస్తుతం ముగ్గురితో మొదలుపెట్టింది. పిల్లలు తెలుగు, కన్నడ కలిపి కొట్లాడుకుంటున్నారట. నాలుగో బిడ్డ తల్లి "మనోళ్లే కదా, 40కి చూడక్కా" అని అడిగితే కాదనలేక నా దగ్గరికొచ్చింది. ఎక్సెల్‌లో 60 తీసి 40 పెట్టి చూపించాను. అది అక్క కూలి రోజుకి 200 అయిపోయినట్టు. "సరేలే, 60 అనే చెప్తా" అని ఫోన్ తీసింది.

మీ వీధిలోనూ ఇలాంటి అక్క ఉంటే, బేరమాడే ముందు మీరూ ఈ లెక్క ఒకసారి వేసి చూడండి.