గాలి ఎవరి జాగీర్?

పోయిన నెల ఒక వలీమా దావత్‌లో, దస్తర్‌ఖాన్ దగ్గర పాత రేడియోల జిక్ర్ వచ్చింది. ఓర్వకల్లు ఆడవాళ్ల రేడియో సంగతి నేనెత్తాను. పక్కన కూర్చున్న రిటైర్డ్ ఆఫీసర్ సాబ్ "అది చోర్ రేడియో కదా మియా! లైసెన్సు లేకుండా నడిపారు, మూయించారు" అని ఒక్క మాటలో ఫైసలా చెప్పేసి బిర్యానీలో పడ్డారు. దావత్‌లో తక్రార్ ఎందుకని అప్పుడు చుప్‌గా ఉన్నాను. ఇక్కడ ఉండలేను.

ముందు అసలు వాకియా వినండి. మా కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు ఉంటుంది. అక్కడి పొదుపు సంఘాల ఆడవాళ్లు 2002లో 'మన రేడియో' పెట్టుకున్నారు. చిన్న ట్రాన్స్‌మిటర్. ఆవాజ్ ఊరు దాటేది కాదు. మాట్లాడేది వాళ్లే, వినేదీ వాళ్లే. 2003లో అధికార్లు వచ్చి మూయించారు. కొన్ని నెలల్లోనే ఖిస్సా ఖతం.

బిహార్‌లో, వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో రాఘవ్ మహతో అనే రేడియో మెకానిక్ ఉండేవాడు. యాభై రూపాయల సామానుతో తనే ట్రాన్స్‌మిటర్ చేసుకున్నాడు. పక్కనున్న హాస్పిటల్ మేడ మీద వెదురు బొంగు నిలబెట్టి దానికి ఏంటెన్నా కట్టాడు. పేరు 'రాఘవ్ ఎఫ్ఎం మన్సూర్‌పూర్ 1'. అతను రిపేర్లు చేసుకుంటుంటే స్టేషన్ నడిపేది దోస్త్ శంభు. పాటలు, ఊరి ఖబర్లు, పోలియో చుక్కల మాట, ఎయిడ్స్ మాట, అన్నీ ముఫ్త్. 2006లో అదీ మూతపడింది.

చోరీ అంటే ఒకరి మాల్ ఇంకొకరు ఎత్తుకుపోవడం. ఇక్కడ ఎవరి మాల్ పోయింది?

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారాల కేసులో తీర్పు చెప్పింది. జస్టిస్ పి.బి. సావంత్, మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఆ బెంచ్‌లో ఉన్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సాఫ్‌గా చెప్పారు. అంటే సర్కారు దగ్గర ఉన్నది అమానత్. అమానత్ పెట్టుకున్నవాడు మాలిక్ అయిపోడు. హక్‌దార్ వచ్చి అడిగితే తలుపు వేసుకోవడాన్ని మన జబాన్‌లో ఏమంటారో ఆఫీసర్ సాబ్‌కి నేను చెప్పక్కర్లేదు. ఖయానత్ అంటారు.

ఆ రెండు రేడియోలు మూతపడిన నాడు అమల్లో ఉన్న కానూన్‌లు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం. రెండూ అంగ్రేజ్ దొర రాసినవే. అదే 1933లో హైదరాబాద్‌లో, చిరాగ్ అలీ లేన్‌లో మహబూబ్ అలీ అనే ఆయన సొంతంగా రేడియో స్టేషన్ నడిపాడు. 1935లో నిజాం సర్కారు దాన్ని తీసుకుంది. డక్కన్ రేడియో వెనక ఉన్నది ఆ ఒక్క మనిషి షౌక్. మన షహర్‌లో రేడియో సర్కారుతో షురూ కాలేదు సాబ్. సర్కారు తర్వాత వచ్చింది.

"అయితే అందరూ తలా ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టుకుంటే విమానాల వైర్‌లెస్, పోలీసుల వైర్‌లెస్ ఏం కావాలి?" అంటారు. జాయజ్ సవాలే. జవాబు కూడా సీదాగానే ఉంది. ఫ్రీక్వెన్సీ ఇవ్వండి, ఎన్ని వాట్లో హద్దు పెట్టండి, తనిఖీ చేయండి. 2006లో కమ్యూనిటీ రేడియో పాలసీ తెచ్చి చివరికి సర్కారు చేసింది అదే కదా! మరి అడిగిననాడే ఇస్తే ఏం పోయేది?

అడిగి ఇంతిజార్ చేసినవాళ్ల హాల్ కూడా చూడండి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత ఆడవాళ్ల సంగం రేడియో. స్టూడియో ఉంది, మాట్లాడేవాళ్లు ఉన్నారు, ఇజాజత్ లేదు. దాదాపు పదేళ్లు వాళ్లు తమ మాటలు రికార్డు చేసి సంఘాల మీటింగుల్లో క్యాసెట్లు వేసి వినిపించుకున్నారు. 2008 అక్టోబర్ 15న గాలిలోకి వచ్చారు. షురూ చేయడానికి వచ్చింది ఆ జస్టిస్ సావంతే. కానూన్‌ని మన్నించినందుకు పదేళ్ల సబర్! ఈ రోజుకీ కమ్యూనిటీ రేడియోలో సొంతంగా ఖబర్లు చదవకూడదు. ఆకాశవాణి వార్తలు వినిపించాలంతే. టీవీలో రాత్రంతా గొంతు చించుకునేవాళ్లకి లైసెన్సుంది. ఊరి బోరు ఎందుకు ఎండిందో చెప్పే ఆమెకి లేదు. ఇదేం ఇన్సాఫ్?

మా అబ్బా జమానాలో రేడియో వినడానికి కూడా లైసెన్సు ఉండేది. పోస్టాఫీసుకి పోయి పైసలు కట్టి వచ్చేవారు. ఆ లైసెన్సు ఎత్తేశారు. ఆస్మాన్ విరిగి పడలేదు.

సర్కారు మీద ఇంత గుస్సా చూపించాను కదా, ఇప్పుడు నా గునాహ్ కూడా చెప్పుకుంటాను. మా బడీ ఖాలా షాదీల్లో ఢోలక్ కొట్టి పాడేది. కితాబుల ఉర్దూ కాదు, తెలుగు కలిసిపోయిన మన ఇంటి జబాన్. సమ్‌ధన్‌ల మీద ఆమె కట్టే పాటలకి నవ్వలేక జనం కడుపు పట్టుకునేవాళ్లు. మామూ సౌదీ నుంచి తెచ్చిన టేప్‌రికార్డర్‌లో ఒక షాదీలో ఆమె పాటలు ఎక్కించాను. తర్వాత అదే క్యాసెట్ మీద సినిమా పాటలు ఎక్కించుకున్నాను. ఖాలా లేదిప్పుడు. ఆమె ఆవాజ్ ఎక్కడా లేదు. ఏ అధికారీ మా ఇంటికి రాలేదు. చెరిపేసింది నేనే.

ఎందుకు చెరిపానంటే, రేడియోలో వచ్చేదే ఆవాజ్, ఇంట్లో వచ్చేది షోర్ అనుకునే అకల్ నాది. ఓర్వకల్లు ఆడవాళ్లు, రాఘవ్, శంభు ఆ అకల్ మీదే దెబ్బ కొట్టారు. మన మాట కూడా గాలిలోకి పోవాల్సిన మాటే అన్నారు. అందుకే వాళ్లని చోర్ అంటే నాకు పడదు.

రిజిస్టరై మూడేళ్లు పనిచేసిన, లాభాపేక్ష లేని సంస్థ ఇప్పుడు కమ్యూనిటీ రేడియోకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన మొహల్లాల్లో అంజుమన్‌లు, స్కూళ్లు నడిపే సొసైటీలు తక్కువేం లేవు. షాదీఖానాల మీద పెట్టే ఫికర్‌లో కొంత ఇటు పెట్టండి. అది అయ్యేలోపు ఇంకో చిన్న పని ఉంది. మీ ఇంట్లో నానీమా, దాదీమా ఉంటే ఈ రాత్రి ఫోన్ తీసి ఎదురుగా పెట్టి మాట్లాడించండి. దానికి ఎవరి ఇజాజత్ అక్కర్లేదు.